జంట గొట్టాల పాత తుపాకి: బాగుచేయించుట తగునా?

సోలాపురము నుండి హైదరాబాదునకు వచ్చు రహదారిలో, కర్ణాటకపు పొలిమేర దాటినంతనే ఎదురగు పెద్ద పట్టణము జహీరాబాదు. చెఱకు తోటలు, ఎఱ్ఱనేలలలోని ఆలుగడ్డ పైరు, కోహీరు జామపండ్లు, ఝరాసంగమునందలి కేతకీ సంగమేశ్వరుని కోవెల, ట్రాక్టర్ల కర్మాగారము – ఈ సీమ పేరు చెప్పగానే పరులకు స్ఫురించునవి ఇవియే. అయితే పాత మిద్దెలను విప్పి క్రొత్త యిండ్లు కట్టుకొనుచున్న ఈ కాలమున, అటక మీది సామాను క్రిందికి దించునపుడు, గోనెపట్టాలో చుట్టిపెట్టిన పొడవైన మూట యొకటి కొన్ని కుటుంబములవారికి చేత దగులుచుండును. విప్పి చూచినచో అది తాతగారి నాటి జంట గొట్టాల తుపాకి: గొట్టముల మీద ఎఱ్ఱని తుప్పు, మడమ కొయ్యపై చెదలు తిన్న చారలు, మడిచినను మడవబడని కీలు. దానిని చేతబట్టుకొన్నవానికి రెండు తలపులు ఒక్కమారే కలుగును; పారవేయుటకు మనసొప్పదు, బాగుచేయించుటకు ఎంతగునో తెలియదు. ఈ చిక్కునకు సమాధానమును ముందు చట్టమునందును, పిదప గొట్టములయందును, కట్టకడపట జేబునందును వెదకవలెను. ఈ వరుస తప్పినవారు ధనమునే గాక మనశ్శాంతిని గూడ పోగొట్టుకొందురు.

ఇట్టి తుపాకులు ఈ ప్రాంతమున ఎట్లు నిలిచినవో కొంత తెలిసికొనుట మంచిది. 1956 నవంబరు 1 వఱకు జహీరాబాదు బీదరు జిల్లాలోని తాలూకా. నైజాము రాజ్యమందలి పైగా వంశపు ప్రభువుల జాగీరులు ఈ చుట్టుపట్టుల విస్తరించి యుండెడివి. జాగీర్దారునకు, దేశముఖునకు, ఊరి పోలీసు పటేలునకు తుపాకి అధికారచిహ్నము; పంటకు కావలి; అడవిపందిని, కృష్ణజింకను వేటాడు సాధనము. సామాన్యుని చేతనున్నది భర్మారు, అనగా మూతినుండి మందును రవ్వలను దట్టించి పేల్చు నాటు తుపాకి. దొరల గోడలకు వ్రేలాడినది విదేశముల నుండి వచ్చిన దునాలి. నడుమ మడిచి, వెనుకవైపున తూటాలు పెట్టి మూసి పేల్చునది. 1948 సెప్టెంబరు 16వ తేదీన సోలాపురపు దారిని నైజాము రాజ్యముపైకి వచ్చిన భారతసైన్యము, దారిలోని మందుపాతరలను తొలగించుకొనుచు, జహీరాబాదు వైపు సాగినది. మఱునాటి సాయంకాలమునకు నిజాము కాల్పుల విరమణను ప్రకటించెను. 1949 ఆగస్టు 15న జాగీరులు రద్దయ్యెను. 1984లో పటేలు పట్వారీల వంశపారంపర్యపు కొలువులును ముగిసినవి. కొలువులతో పాటు వచ్చిన తుపాకులలో కొన్ని పోలీసు ఠాణాలకు చేరినవి, కొన్ని చేతులు మారినవి, కొన్ని ఇండ్లలోనే ఉండిపోయినవి. లైసెన్సు తీసికొన్న పెద్దమనిషి కాలము చేసిన పిమ్మట, పిల్లలు కాగితములను పట్టించుకొనకపోవుటయే అట్టివానికి పట్టిన మొదటి తుప్పు.

కావున చట్టము మాట ముందు. మన దేశమున తుపాకులకు ఆధారము 1959వ సంవత్సరపు ఆయుధచట్టము. తుప్పుపట్టి పేలని తుపాకికి లైసెన్సుతో పని లేదని లోకములో ఒక నమ్మకము కలదు. అది ప్రమాదకరమైన నమ్మకము. ఆ చట్టపు 45వ సెక్షను, కాలము చెల్లిన పద్ధతిదైనను, పురాతన వస్తువుగా విలువగలదైనను, చెడిపోయినదైనను, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరాని ఆయుధమునకే మినహాయింపు నిచ్చుచున్నది. ఇందులోని సూక్ష్మమును గమనింపవలెను. బాగుచేయించవచ్చునా అని మనము వేసికొను ప్రశ్నయే చట్టము వేయు ప్రశ్న కూడ. బాగుపడగల తుపాకి నేడు పేలకపోయినను సంపూర్ణముగా ఆయుధమే. ఎన్నటికిని బాగుపడనిది మాత్రమే గోడమీది అలంకారము. ఏది ఏ కోవకు చెందునో నిర్ణయించువారు అధికారులే గాని ఇంటివారు కారు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని సాధారణ తుపాకిని ఉంచుకొన్నందులకు రెండేండ్ల నుండి ఐదేండ్ల వఱకు ఖైదును, జరిమానాయును గలవు. తాతగారి జ్ఞాపకముగా దాచుకొన్నామనుట న్యాయస్థానమున చెల్లదు.

అయితే చట్టము వారసునకు తలుపు మూయలేదు. లైసెన్సుదారు మరణించినప్పుడు గాని, అతనికి డెబ్బదియేండ్లు నిండినప్పుడో, ఆ తుపాకిని ఇరువదియైదేండ్లు కలిగియున్నప్పుడో గాని, వారసుని పేర లైసెన్సు నొసగుటకు 2016వ సంవత్సరపు నియమావళి వీలు కల్పించినది. వారసత్వముగ వచ్చినవానిని కూడ లెక్కించి ఒకనికి రెండు తుపాకులను మించరాదు. లైసెన్సు గడువు ఐదేండ్లు. కాగితములు లేని తుపాకి బయటపడినచో, సమీప పోలీసు ఠాణాలోగాని లైసెన్సు గల ఆయుధవర్తకుని యొద్దగాని అనవసరపు జాప్యము లేక అప్పగించి రసీదు పుచ్చుకొని, సంగారెడ్డిలోని కలెక్టరు కార్యాలయమున దరఖాస్తు పెట్టుకొనుట ఉచితమార్గము. అప్పగించినంతమాత్రమున హక్కు పోదు. నిర్ణీత గడువులోపల లైసెన్సు సంపాదించి తిరిగి తీసికొనుటకో, అమ్ముకొనుటకో వారసునకు అవకాశమున్నది. గడువు మీరినచో ప్రభుత్వపరమగును. ఇంకొకటి: తుపాకిని మరమ్మతు చేయుటకును ప్రత్యేకమైన లైసెన్సు కావలెను. ఊరి కమ్మరి కొలిమిలోనో, రహదారి ప్రక్కనున్న వెల్డింగు దుకాణములోనో చేయించిన పని, ఎంత నేర్పుతో చేసినను, చేసినవానికిని చేయించినవానికిని కేసు తెచ్చిపెట్టును.

ఈ గడప దాటినవారికే తక్కిన విచారణ. తుపాకిని మేస్త్రీ చేతబట్టి పరీక్షించు విధమును దగ్గఱనుండి చూచినచో వెల ఎక్కడ పుట్టునో, ఎక్కడ పోవునో తేటపడును. అతడు మొట్టమొదట మూతిని మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి, లోపల తూటా చిక్కుకొని యున్నదా అని చూచును. దశాబ్దముల క్రింద పెట్టి మఱచిన తూటా ఇత్తడి అంచుతో సహా లోపల తుప్పుపట్టి అంటుకొని యుండుట అసంభవము కాదు. అందుచేత కీలు బిగిసిన తుపాకిని ఇంట విప్పబూనరాదు, మీట నొక్కి చూడరాదు. కీలు వదులైన పిదప ముందరి చెక్కను ఊడదీసి, గొట్టములను వేఱుచేసి, వాని అడుగున చదునుగా నుండు భాగమును గుడ్డతో తుడిచి భూతద్దముతో చూచును. తుపాకి జాతకమంతయు అచ్చటనే చెక్కబడి యుండును. లండనులోని తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించినది. బర్మింగుహాములో పరీక్షాగృహము 1813లో ఏర్పడినది. అమ్మకమునకు వచ్చు ప్రతి గొట్టమును మామూలు కంటె అధికమైన మందుతో పేల్చి, తట్టుకొన్నదానిమీదనే ఈ గృహములవారు కిరీటముతో కూడిన ముద్రలు వేసెడివారు. అండాకారములో ఈ.ఎల్.జి. అను అక్షరములున్నచో అది బెల్జియములోని లియేజి పట్టణపు పరీక్ష. మూతి సన్నగించిన గొట్టముపై ‘నాట్ ఫర్ బాల్’ అని యున్నచో ఆ బ్రిటిషు తుపాకి 1875కును 1887కును నడుమ పరీక్షింపబడినదని తెలియును. పైపట్టీ మీద కలకత్తాలోని మాంటన్, రోడ్డా, లయన్ అండ్ లయన్, మద్రాసులోని పి. ఆర్ వంటి దుకాణముల పేరు కనబడినంతనే వారే తయారుచేసిరని భ్రమపడరాదు. బర్మింగుహాములో చేయించి తమ పేరు చెక్కించుకొని అమ్ముట నాటి వ్యాపారపద్ధతి. 1914 ఆగస్టులో బెంగాలు విప్లవకారులు మౌజరు పిస్తోళ్లను తరలించుకొనిపోయినది ఈ రోడ్డావారి సరకునుండియే. అట్టి పేరు గల తుపాకికి ధర ఎట్లున్నను చరిత్రలో చోటున్నది. ఈ అంకెలను, అక్షరములను చెఱపుట చట్టరీత్యా నేరము కనుక, మెఱుగు పెట్టెదనని చెప్పి గరుకుకాగితముతో రుద్దువాని చేతికి తుపాకి నీయరాదు.

ఇక గొట్టములు. పండ్రెండు బోరు అనగా, పౌను సీసముతో పండ్రెండు సమమైన గుండ్లు పోసినచో ఒక్కొక్కటి ఎంత లావుండునో అంత వ్యాసము గల గొట్టము. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. మేస్త్రీ మొదట చూచునది గొట్టము ఏ లోహముతో నైనదను సంగతి. వెలుపల తుప్పును కొంచెము తుడువగా అలలు అలలుగా, గులాబిరేకుల వలె మెలిదిరిగిన చారలు కనబడినచో అది డమాస్కసు గొట్టము: ఇనుప పట్టీలను ఉక్కు పట్టీలను కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టును చుట్టి, కొలిమిలో కాచి సమ్మెటతో అదికి అతికినది. కన్నులపండువగు పనితనము, కాని అది నల్లమందు కాలపుది. ఆ అతుకుల నడుమ చేరిన మందు మసి తేమను పీల్చుచు లోలోపలనే తినివేయును; పైకి నిగనిగలాడుచున్నను లోపల ఎంత బలహీనమై యున్నదో ఎట్టి అనుభవశాలియు కంటితో చూచి చెప్పజాలడు. పొగరాని మందుతో నిండిన నేటి తూటాలను అట్టి గొట్టములో పెట్టుట ప్రాణముతో చెలగాటము. డమాస్కసు తుపాకిని పేల్చుటకై బాగుచేయించుట వ్యర్థమని నా దృఢమైన అభిప్రాయము. చూచుటకై శుభ్రపఱచుకొనుట వేఱు.

ఉక్కు గొట్టమైనచో ఆశ యున్నది, ఐనను చూడవలసినది చాల కలదు. దీపమువైపు త్రిప్పి లోపల చూచినప్పుడు అద్దము వలె నుండవలసిన గోడపై నల్లని చుక్కలు కనబడును. పాత తూటాల క్యాపులలో పొటాషియం క్లోరేటు ఉండెడిది. పేలిన పిమ్మట అది ఉప్పుగా మాఱి గొట్టమునకు అంటుకొని గాలిలోని తేమను లాగుకొనును. ఆ ఉప్పు నూనెలో కరుగదు, నీటిలోనే కరుగును. వేట ముగించి వచ్చి నూనెగుడ్డతో మాత్రము తుడిచి గోడకు తగిలించిన తుపాకులన్నియు ఆ విధముగనే తినబడినవి. ఆ చుక్కలు పైపైని ఉన్నచో సానబెట్టి తీయవచ్చును. కాని తీసినకొలది గోడ పలుచనగును, లోపలి వ్యాసము పెరుగును, ఒక హద్దు దాటినచో పరీక్షాముద్రకు విలువ యుండదు. గోడ మందము అత్యల్పమైన చోట అరమిల్లీమీటరుకు తగ్గరాదని బ్రిటనులోని పనివారి వాడుక. దీనిని కొలుచు పరికరము లేని మేస్త్రీ చెప్పు మాటను నమ్మి ఒక్క రూపాయియైనను వెచ్చింపరాదు. గొట్టముల జంటను కొక్కెముతో పట్టి వ్రేలాడదీసి, చెక్కముక్కతో మెల్లగా తట్టినప్పుడు కంచుగిన్నె వలె దీర్ఘముగా మ్రోగినచో పట్టీల టంకము గట్టిగా ఉన్నది. బొంగురుగా అణగినచో అతుకు వదలినది.

ఛాంబరు, అనగా తూటా అమరు అఱ, దాని పొడవు మఱొక ముఖ్యవిషయము. పాత బ్రిటిషు తుపాకులలో బహుళభాగము 65 మిల్లీమీటర్ల తూటాకై చేయబడినవి. నేడు సామాన్యముగా దొరకునది 70 మిల్లీమీటర్ల తూటా. పేలకమునుపు దాని మూతి మడిచి యుండుటచే పొట్టిగా నుండి పాత ఛాంబరులో చక్కగా అమరును. పేలినపుడు ఆ మడత విచ్చుకొని ముందరి ఇఱుకుభాగములోనికి చొచ్చి దారిని మూయుటచే పీడనము పెరుగును. అమరినది కదా అని ధైర్యపడుట ఇందుచేతనే తగదు. ఛాంబరును తొలిచి పొడిగింతుమను మేస్త్రీలు కలరు. ఆ తొలుచుటవలన గోడ పలుచనగునది అధికపీడనమునకు లోనగు చోటనే. మళ్ళీ పరీక్షకు పంపని అట్టి పని నేనెవరికిని సలహా యీయను.

మడమ, లాకు, స్ప్రింగులు – వీనిగుఱించి అంత దిగులు లేదు. అక్రోటు కొయ్యకు బదులు టేకో, శీశమో పెట్టి చెక్కు నేర్పరులు మన దేశమున గలరు. ముంగేరు, జమ్ము పట్టణములు ఆ వృత్తికి ప్రసిద్ధములు. 1875లో వెస్లీ రిచర్డ్సు సంస్థలోని ఆన్సన్, డీలీ అనువారు కనిపెట్టిన బాక్సులాకులో కదలు భాగములు మిక్కిలి కొద్ది. విఱిగిన స్ప్రింగును కొత్తగా చేసి అమర్చుట సాధ్యమే. ప్రక్కపలకలపై చెక్కడపు పని గల సైడులాకు తుపాకి సున్నితమైనది, ఖర్చు హెచ్చు.

మన యిండ్లలో మంచి బుద్ధితో చేయు చెఱుపు ఒకటి కలదు. ఈ సీమలో కుసుమపంట చిరకాలమునుండి ఉన్నది. తుప్పు కనబడగానే వంటింటి నూనెలో దూది ముంచి పూయుట సహజము. కాని కుసుమనూనె గాలి తగిలి జిగురుగా, ఆ పిమ్మట వార్నీషువలె గట్టిపడు జాతి నూనె. లాకులోనికి దిగినచో స్ప్రింగును సీలువేసినట్లు బిగించివేయును. తుపాకికి తగినది ఆరిపోని ఖనిజతైలము. అట్లే గొట్టములకు కొత్త నీలివన్నె వేయింపగోరువారు, వేడి కాస్టిక్ తొట్టిలో ముంచు పద్ధతిని ఒప్పుకొనరాదు. ఒంటి గొట్టపు తుపాకికి అది చెల్లునేమో గాని, జంట గొట్టములను కలుపు తగరపు టంకమును ఆ ద్రావణము తినివేయును. తుప్పును కొద్దికొద్దిగా రప్పించి, నీట మఱగించి, బ్రష్షుతో రుద్ది దినములతరబడి నలుపెక్కించు పాత పద్ధతియే శ్రేయము. తొందరపడు మేస్త్రీ చేత ఈ ఒక్క పనిలోనే నిక్షేపమైన గొట్టములు పాడగుట కలదు.

ఇంతవఱకు వచ్చినవారు ఇక ఖర్చును లెక్కింపవచ్చును. మేస్త్రీ కూలి ఒక్కటే వ్యయము కాదు. లైసెన్సు రుసుము, నూఱు కిలోమీటర్ల హైదరాబాదునకు పదేపదే పోయి వచ్చుట, దొరకని భాగములను చేతితో చేయించుట, పరీక్ష – ఇవన్నియు కూడి తుపాకి విలువను సులభముగా దాటిపోవును. 1980వ దశకము నుండి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూతబడినందున, గొట్టములు శుభ్రముగా నున్న మంచి ఆంగ్లేయ తుపాకికి మన దేశమున గిరాకి తగ్గలేదు. కాని కొనువానికి లైసెన్సుండవలెను, అతని లెక్కలో రెండింటికి లోపల చోటుండవలెను. కావున పేరుకు వెల యున్నను కొనువారు కొందఱే. నూఱేండ్లు దాటినదైనచో పురావస్తువుల చట్టము ప్రకారము విదేశమునకు పంపుటయు కుదరదు. లండను వేలములలో పలికిన ధరలను జూచి మన అటక మీది తుపాకికి వెల కట్టుకొనుట అందుచేతనే పొరపాటు.

ప్రయోజనమును గూడ నిజాయితీగా ప్రశ్నించుకొనవలెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టముతో వేటకాలము ముగిసినది. చెఱకు తోటలను అడవిపందులు ధ్వంసము చేయుచున్న మాట నిజమే, రైతు బాధ నిజమే. ఐనను ప్రభుత్వానుమతి లేక వానిపై తుపాకి నెత్తుట నేరము. మిగిలినవి ఆత్మరక్షణ, క్లబ్బులలో గుఱిపోటీలు, కుటుంబస్మృతి. మొదటిదానికి ఇచ్ఛాపూరు కర్మాగారపు కొత్త తుపాకియే నమ్మకమైనది. రెండవదానికి వందలకొలది తూటాల దెబ్బకు ఓర్చు కొత్త గొట్టములు కావలెను. మూడవదానికి పేలుడుశక్తితో పని లేదు.

నా తీర్పు ఇది. బర్మింగుహాము, లండను ముద్రలు గల ఉక్కు గొట్టాల బాక్సులాకు, గోడ మందము చాలినదై, లోపల గుంటలు లేనిదై, లైసెన్సు వారసుని పేర మాఱినదైనచో, కొయ్యకును లాకునకును పెట్టు వ్యయము సార్థకము. పర్డీ, హాలండ్, వెస్లీ రిచర్డ్సు వంటి గొప్ప పేరున్నచో తుప్పుతో సహా తాకక, ముందు నిపుణునికి చూపవలెను. ఆతురతతో పెట్టిన మెఱుగు దాని విలువలో అధికభాగమును హరించును. గుంటలు పడిన బెల్జియము డమాస్కసు, అతుకు వదలిన గొట్టములు, మూతి కోసి పొట్టిచేసినవి – వీనిపై డబ్బు పెట్టరాదు. ఒకప్పుడెవరో కోసిన గొట్టము ఇరువది అంగుళములకు తగ్గియున్నచో సమస్య మరమ్మతును మించినది. దానిని వెంటనే అధికారులకు తెలుపవలెను. భర్మారును బాగుచేయింపక, చట్టము అనుమతించు రీతిని అట్లే భద్రపఱచుట మేలు.

పాత యింటిని విప్పబోవు పాఠకులకు నాదొక విన్నపము. అట్టి మూట దొరికినచో నూనె సీసా కొఱకు గాని మేస్త్రీ కొఱకు గాని పరుగెత్తక, ముందు తాతగారి లైసెన్సు పుస్తకమును వెదకుడు. అది దొరకకున్నను సంగారెడ్డి కార్యాలయపు పాత రిజిస్టరులో తుపాకి అంకె నమోదై యుండవచ్చును. ఠాణాలో అప్పగించి రసీదు తీసికొనుడు. దానిని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొనిరో చెప్పగల పెద్దలు ఇంటిలో ఇంకను ఉన్నచో, ఆ వివరములను నేడే కాగితముపై వ్రాయించి ఆ రసీదుతో కలిపి దాచుడు.